శోభనాద్రి గారి శని పరీక్ష

పెడన అద్దకాల వీధిలో శోభనాద్రి గారు ఏ గుడ్డనీ ముందువైపు నుంచి చూసిన పాపాన పోలేదు. ఎవరు చీర పరిచినా తిరగేస్తారు. చేత్తో అద్దిన రంగైతే వెనక్కి దిగుతుంది, మిషను రంగైతే పైపైనే ఉండిపోతుంది. ఆయన పెదవి విరిచిన సరుకును వీధిలో మరొకరు ముట్టుకోరు. ఈ అలవాటు ముదిరి, శుభలేఖల్ని కూడా తిరగేసి చూసే దశకు చేరింది.

అటువంటి మనిషికి రజని అనే సైన్సు టీచరు కూతురుగా పుట్టడం దైవలీల. మొన్న కార్తీకంలో ఆమె స్కూలు టెలిస్కోపు తెచ్చి డాబా మీద నిలబెట్టి, శనిగ్రహాన్ని చూపిస్తాను రమ్మని వీధంతా పిలిచింది. చీకటి పడగానే జనం వచ్చారు గానీ, మెట్ల దగ్గరే ఆగిపోయారు. శని చూపు మన మీద పడకూడదని నూనె పోస్తుంటే, మనమే వెళ్లి ఆయన్ని చూడటమేమిటని ఎదురింటి అమ్మాజీ గారి అభ్యంతరం. మిగతావాళ్లు శోభనాద్రి గారు నిజమంటే ఎక్కుతామన్నారు. రజని తండ్రిని టెలిస్కోపు ముందుకు లాక్కొచ్చింది. పొద్దున్నే టెలిస్కోపు స్కూల్లో అప్పగించాలి మరి.

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, న్యాయమూర్తిలా వంగారు. నల్లటి గుడ్డ మీద బుల్లి ముత్యం, చుట్టూ ఉంగరం.

"ఇది బొమ్మ," అన్నారు.

"బొమ్మేంటి నాన్నా?"

"చేతి పనైతే ఎక్కడో అక్కడ అచ్చు తప్పుద్ది. ఈ ఉంగరం ఇసుమంత పక్కకి జరగలేదు. లోపల స్టిక్కరు అంటించి మీ స్కూలు వాళ్లని మోసం చేశారమ్మా."

ఏలినాటి శని ఏడున్నరేళ్లు తనను పీడించిందన్న సంగతిలో ఆయనకు ఏనాడూ అనుమానం లేదు. కంటికి కనబడ్డ ఈ శని మీదే అనుమానమంతా.

మళ్లీ కన్ను పెట్టారు. ముత్యం మెల్లగా అంచుకు జరిగి మాయమైంది. ఏం లాగావని కూతుర్ని నిలదీశారు. రజని రెండు చేతులూ పైకెత్తి చూపించి, తిరుగుతున్నది మన కాళ్ల కింది భూమేనని చెప్పింది. ఆయన డాబా గచ్చు వంక అదోలా చూశారు.

"ఏం మావయ్యా, నిజమేనా?" కింద నుంచి అచ్చులు చెక్కే హరిబాబు అడిగాడు.

అబద్ధమనడానికి ఆయనకు నోరు రాలేదు, నిజమనడానికి మనసొప్పలేదు.

"ఇది ఒక్కడి కంటితో తేలే వ్యవహారం కాదు," అని పిట్టగోడ మీంచి తీర్పు చెప్పారు. "అందరూ వచ్చి చూడండి. ఏం కనబడిందో పక్కవాడికి చెప్పకుండా నా చెవిలో చెప్పాలి."

మెట్ల మీద తోపులాట మొదలైంది. అందరికన్నా ముందు అమ్మాజీ గారే ఎక్కారు. చూసేది ఒంటికన్నుతోనే గనక దోషం సగమే పట్టుద్దని ఆవిడ అప్పటికే తేల్చుకున్నారు.