క్యూలో చెప్పిన కథలు

మా పెద్దమ్మ వర్లీన్ గ్యాడ్సన్ జీవితంలో ఎక్కువ భాగం ఒక అద్దంలోకి చూస్తూ గడిచింది. ఆమె మేకన్ పట్టణంలో బడి బస్సు నడిపేది. వెనక కూర్చున్న పిల్లలంతా కనబడేలా డ్రైవరు తలకు పైన ఒక పొడుగాటి అద్దం ఉంటుంది. రోడ్డును ఎంత శ్రద్ధగా చూసేదో ఆ అద్దాన్నీ అంతే శ్రద్ధగా చూసేది. ఎవరు పొద్దున తినకుండా ఎక్కారో, ఎవరికి చెల్లెలు పుట్టిందో, ఎవరింట్లో పెద్దవాళ్లు గొడవపడ్డారో టీచర్లకన్నా ముందు ఆమెకు తెలిసిపోయేది. అలాగని ఎవరినీ ఏమీ అడిగేది కాదు. “బస్సులో కూర్చున్న పిల్లకి చెయ్యడానికి పనేం ఉండదు కదా, లోపలున్నదంతా దానంతటదే బయటికొచ్చేస్తుంది,” అనేది. ఉద్యోగం మానేసినా ఆ నమ్మకాన్ని వదల్లేదు. దాన్ని తీసుకొచ్చి థీమ్ పార్కు క్యూలో నిలబెట్టింది.

మా కుటుంబమంతా ఏటా జులైలో ఒకచోట కలుస్తుంది. అందరం ఒకే రంగు టీషర్టులు వేసుకుంటాం. వీపు మీద గ్యాడ్సన్ అని ఇంటిపేరు అచ్చువేయిస్తాం. పక్క రాష్ట్రం అలబామా సరిహద్దు దాటాక కొండల కింద ఉన్న పార్కుకు వెళ్లి, దగ్గర్లోని మోటెల్లో దిగుతాం. మధ్యాహ్నం అందరం పార్కింగ్‌లోకి తిరిగివచ్చి, కార్ల డిక్కీలు తెరిచి, ఇంటి నుంచి వేయించి తెచ్చిన చికెన్ తింటాం. మళ్లీ లోపలికి పోతాం. ఎక్కడికి పోయినా చివరికి చేరేది మాత్రం చెక్కతో కట్టిన పాత రోలర్ కోస్టర్ దగ్గరికే. అది తిరిగేది రెండు నిమిషాలు. ఎక్కడానికి నిలబడేది గంటకు పైమాటే.

అదనంగా డబ్బు కట్టినవాళ్లకు వేరే దారి ఉంది. వాళ్లు అందరినీ దాటుకుని నేరుగా ముందుకు వెళ్లిపోతారు. న్యాయశాస్త్రం చదివినదాన్ని కనుక ఆ దారి మీద నాకు సిద్ధాంతపరమైన అభ్యంతరం ఉంది: ఎండలో నిలబడ్డ పిల్లలందరికీ కాళ్లు ఒకేలా నొప్పి పెడతాయి. ఓపిక తక్కువదాన్ని కూడా కనుక, ఒక ఏడాది ఆ అభ్యంతరాన్ని కాసేపు పక్కనపెట్టి, అందరికీ ఆ టికెట్లే తీసుకుందామన్నాను.

“తీసుకుని ఏం చేస్తావే లాయరమ్మా?” అంది పెద్దమ్మ.

“టైం మిగుల్తుంది పెద్దమ్మా.”

“మిగిలిన టైముతో?”

“ఇంకో రైడు ఎక్కొచ్చు.”

“ఆ తర్వాత ఇంకోటి. సాయంత్రానికి పిల్లలకి కళ్లు తిరగడం తప్ప ఏం మిగుల్తుంది? పోయి అటు నిలబడు. నీ చెల్లెలి కొడుకు జెరోమ్‌ని నీ పక్కకి పంపిస్తున్నా. వాళ్లమ్మ గురించి ఏదోటి చెప్పు. వాళ్లమ్మ సిగ్గుతో తలెత్తుకోలేని సంగతైతే ఇంకా మంచిది.”

ఆమె నియమమంతా ఆ మాటలోనే ఉంది. క్యూలో ఏ పిల్లా సొంత తల్లిదండ్రుల పక్కన నిలబడకూడదు. వేరే పెద్దవాళ్ల పక్కన నిలబడాలి. ఆ పెద్దవాళ్లు ఆ పిల్ల తల్లి గురించో తండ్రి గురించో నిజంగా జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. ఎవరి గురించి చెబుతున్నారో ఆ మనిషి వెనక నుంచి ఎంత మొత్తుకున్నా అడ్డుపడే హక్కు లేదు. క్యూ మలుపు తిరిగినప్పుడల్లా పిల్లలు మనుషుల్ని మార్చుకోవాలి.

పిల్లలకు మిగిలేది ఇదేనన్న మాటను నేను సాక్ష్యం లేకుండా ఒప్పుకోదలచలేదు. అందుకని పెద్దవాళ్లైపోయిన మా తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ ఒక్కొక్కరినే పట్టుకుని అడిగాను: ఆ పార్కులో నీకేది గుర్తుంది? రైడ్ల పేర్లు ఒక్కరూ సరిగా చెప్పలేకపోయారు. “ఏదో నీలంది, నీళ్లలో పడేది,” అన్నాడొకడు. కానీ వాళ్ల నాన్న చిన్నప్పుడు చర్చిలో కానుకల పళ్లెంలో బతికున్న కప్పను పెట్టిన వైనం మాత్రం పొల్లుపోకుండా చెప్పాడు. అది విన్నప్పుడు తాను పట్టుకున్న ఇనుప కమ్మీ ఎండకు ఎంత కాలిందో కూడా చెప్పాడు. దీనికి కారణమేమిటో నాకు ఇప్పటికీ పూర్తిగా అంతుచిక్కలేదు. కానీ సాక్షులందరూ ఒకే మాట చెబుతున్నప్పుడు నమ్మక తప్పదు.

గత జులైలో ఆ నియమం మా చేతుల్లోనే తప్పింది.

పెద్దమ్మ కొడుకు క్లిఫ్టన్ ఏసీలు బాగుచేస్తాడు. భార్య డియాన్ జబ్బుచేసి చనిపోయి అప్పటికి ఏడాదిన్నర. వాళ్లకు తొమ్మిదేళ్ల కూతురు, కెజియా. అన్నయ్య ఆ పిల్లను కంటికి రెప్పలా చూసుకుంటాడు కానీ డియాన్ పేరు వినబడితే లేచి బయటికి వెళ్లిపోతాడు. వేసవి మొదట్లో ఒకరోజు పెద్దమ్మ జడలు అల్లుతుంటే కెజియా ఉన్నట్టుండి, “నానమ్మా, అమ్మ గొంతు ఎలా ఉండేది?” అని అడిగిందట. పెద్దమ్మ జవాబు వెతుక్కునేలోపే, గుమ్మంలో నిలబడ్డ క్లిఫ్టన్ తాళాలు తీసుకుని వెళ్లిపోయాడట. “పిల్ల తల్లిని రెండోసారి పోగొట్టుకుంటోందే,” అంది పెద్దమ్మ నాతో. “ఈసారి జబ్బు వల్ల కాదు, మన వల్ల.” ఆ పిల్లకు తల్లిని కొద్దిగానైనా తిరిగి ఇవ్వాలనే ఆమె పార్కు కోసం ఎదురుచూసింది.

కానీ ఆరోజు పొద్దున మోటెల్లో ఫలహారాల దగ్గర క్లిఫ్టన్ అడ్డం తిరిగాడు.

“అమ్మా, ఈ ఒక్కరోజూ వద్దు. డియాన్ ఊసెత్తకండి.”

“క్యూలో దాని పక్కన నిలబడి ఏం చెప్పమంటావురా?”

“జోకులు చెప్పండి. పిల్ల నవ్వితే చాలు నాకు.”

ఏడాదిన్నరగా అతడు తల్లిని ఏదైనా అడగడం అదే మొదటిసారి. పెద్దమ్మ సరేనని మాటిచ్చింది. అందరి చేతా ఇప్పించింది. మాలో ఒక్కరమూ కాదనలేదు. అది దయ అనే అనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను.

ఆ ఏటి టీషర్టులు నారింజ రంగువి. గుంపులో తప్పిపోయినా దూరం నుంచే కనబడాలని పెద్దమ్మే ఎంచింది. పన్నెండు దాటకముందే కోస్టర్ క్యూలో చేరాం. మొదటి మలుపులో కెజియా పక్కన నిలబడింది పెద్దమ్మ తమ్ముడు, మా రోస్కో మామయ్య. అంతకుముందే ఆయన జెరోమ్‌కు వాళ్లమ్మ సంగతి చెప్పి వాణ్ణి పొట్ట పట్టుకునేలా నవ్వించాడు.

“మొసలి పళ్ల డాక్టరు దగ్గరికి ఎందుకెళ్లిందో తెలుసా నీకు?” అన్నాడు కెజియాతో.

“తాతయ్యా, జెరోమ్‌కి వాళ్లమ్మ గురించి చెప్పావుగా. నాకు మొసలి గురించి ఎందుకు చెప్తున్నావ్?”

“మొసలంటే నవ్వొస్తుందనీ...”

“నాకు రావట్లేదు.”

రెండో మలుపులో నా వంతు వచ్చింది.

“అత్తా, మా అమ్మ ఈ క్యూలో నిలబడిందా?”

“నిలబడింది.”

“ఎక్కడ?”

నేను అటూ ఇటూ చూశాను. “దాహంగా ఉందా? నిమ్మరసం తెచ్చుకుందామా?”

అడిగినదానికి బదులు చెప్పకుండా సాక్షి మంచినీళ్లు అడిగితే దాని అర్థమేమిటో నాకు బాగా తెలుసు. ఆ పిల్లకూ తెలిసింది. ఇంకేమీ అడగకుండా తల తిప్పుకుంది.

మూడో మలుపులో పిల్లలందరూ మళ్లీ చేతులు మారారు. నేను కెజియా రోస్కో మామయ్య దగ్గరికి పోయిందనుకున్నాను. ఆయన నా దగ్గరే ఉందనుకున్నాడు. పెద్దమ్మ ఎప్పటిలాగే వెనక్కి తిరిగి అందరి మీదుగా ఒకసారి చూపు తిప్పింది. ఆ చూపు మధ్యలో ఆగిపోయింది.

“కెజియా ఎవరి దగ్గరుంది?”

“థియా దగ్గర,” అన్నాడు మామయ్య.

“నా దగ్గర లేదు,” అన్నాను.

వేరే ఏ కుటుంబంలోనైనా పిల్ల పక్కన లేదంటే వెంటనే తెలిసిపోతుంది. మా క్యూలో పక్కన లేని పిల్ల ఇంకెవరి పక్కనో ఉందనే అర్థం. క్లిఫ్టన్ కూతుర్ని పేరు పెట్టి కేకలేస్తూ, జనాన్ని తోసుకుంటూ గేటు వైపు పరుగెత్తాడు. నారింజ రంగు కోసం తలెత్తి వెతికాను: మా ముందున్న మలుపు నిండా నారింజ రంగే. అలబామాలోని బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన ఏదో చర్చి పాటల బృందం. మా రంగునే వాళ్లూ ఎంచుకున్నారు.

“పద,” అంది పెద్దమ్మ. క్షమించమని అందరినీ వేడుకుంటూ ఇద్దరం ముందుకు చొచ్చుకుపోయాం.

కెజియా ఆ బృందం మధ్యలో ఉంది. విసనకర్రతో విసురుకుంటున్న ఒక ముసలావిడ పక్కన నిలబడి, చేతులు తిప్పుతూ గడగడా చెబుతోంది. నేను పిలవబోయాను. పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుని ఆపింది.

“మా అమ్మకి భయమంటే ఏంటో తెలీదు. ఇదే కోస్టర్ మీద లేచి నిలబడి చేతులొదిలేసింది. కిందున్న పోలీసులు కూడా చప్పట్లు కొట్టారు!”

“పోలీసులే!” అంది ముసలావిడ.

“అంతకుముందు విమానం నడిపేది. ఒకసారి ఇంజను ఆగిపోతే రోడ్డు మీద దింపేసింది.”

డియాన్ మందుల షాపులో పనిచేసేది. జబ్బుపడి ఆసుపత్రిలో చేరేదాకా ఆ కౌంటరు వెనకే నిలబడింది.

“అలాంటి తల్లిని నేను చూసి తీరాలమ్మా,” అంది ముసలావిడ. “ఎక్కడుంది మీ అమ్మ?”

కెజియా వెనక్కి తిరక్కుండా ఎదర మలుపు కేసే చూసింది. “వెనకాల ఉంది. వస్తోంది,” అంది.

పెద్దమ్మ నా చెయ్యి వదిలేసి వెళ్లి మనవరాలి భుజం మీద చెయ్యి వేసింది. ముసలావిడతో, “పిల్లను చూసుకున్నారు, మీ మేలు మర్చిపోను,” అని చెప్పి కెజియాను వెంటబెట్టుకుని క్యూ చివరికంటా నడిచింది. అక్కడికి మిగతా అందరూ చేరారు. చొక్కా తడిసి ముద్దైన క్లిఫ్టన్ పరుగున వచ్చి కూతుర్ని రెండు రెక్కలూ పట్టుకున్నాడు.

“ఎవరో తెలీనివాళ్లతో వెళ్లిపోతావా? మేం ఎంత హడలిపోయామో తెలుసా నీకు?”

“వాళ్లు వింటున్నారు నాన్నా,” అంది కెజియా. “మీరెవరూ చెప్పట్లేదు. నాకు గుర్తున్నవి అయిపోతున్నాయి. అందుకే కొత్తవి చేసుకుంటున్నా.”

అన్నయ్య చేతులు వదిలేశాడు.

“క్లిఫ్టన్,” అంది పెద్దమ్మ. “పొద్దున నీకు మాటిచ్చాను. ఇప్పుడు తప్పుతున్నాను. వినలేకపోతే పోయి కారులో కూర్చో.”

అతడు వెళ్లలేదు. కమ్మీకి ఆనుకుని, మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడు.

“మీ అమ్మకి భయం లేదన్నావే,” అంది పెద్దమ్మ కెజియాతో. “పచ్చి అబద్ధం. ఎత్తంటే చచ్చేంత భయం దానికి. కానీ కొత్త కోడలు కదా, మా ముందు గొప్పలు పోయింది. నేనెక్కని కోస్టర్ లేదు అత్తయ్యా అంది. తీరా బండి దగ్గరికొచ్చేసరికి, ఒక్క నిమిషం, బూటు లేసు కట్టుకోవాలి అని కూలబడింది. వెనకాలవాళ్లు ఎక్కేశారు. మళ్లీ బండొచ్చింది. మళ్లీ లేసు.”

“మళ్లీనా?”

“ఎన్ని బళ్లు పోయాయో లెక్కే లేదు. చివరికి నేను వంగి చూశానే. దాని కాళ్లకున్నవి చెప్పులు! లేసూ లేదు, దాని మొహమూ లేదు!”

కెజియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు వేళ్ల సందుల్లోంచి వచ్చేసింది. “ఎక్కలేదా మరి?”

“ఎక్కింది. దాని అబద్ధం పట్టుకున్నానని ఎక్కలేదు, నేను నవ్వానన్న కోపానికి ఎక్కింది.”

“పైకి పోయాక ఏం చేసింది? ఏడ్చిందా? ఏమన్నా అందా?”

“అది నాకు తెలీదు. నేను కిందే ఉన్నా.” పెద్దమ్మ గడ్డంతో క్లిఫ్టన్ వైపు చూపించింది. “పక్కన కూర్చుంది మీ నాన్న.”

ఏ బిడ్డకూ సొంత తండ్రి చెప్పకూడదన్నది ఆ క్యూలో ఆమె నియమం. దాన్ని ఆమే పక్కనపెట్టి, కొడుకు వంక చూస్తూ నిలబడింది. క్యూ కదులుతోంది. మా వెనకవాళ్లు ముందుకు జరగమని గొణుగుతున్నారు. కెజియా వెళ్లి తండ్రి టీషర్టు అంచు పట్టుకుంది.

“నాన్నా. పైన ఏమంది?”

క్లిఫ్టన్ తలెత్తి, కోస్టర్ మొట్టమొదట పైకెక్కే ఆ ఎత్తైన చోటును చూశాడు.

“చచ్చిపోతున్నాననుకుంది,” అన్నాడు. “గట్టిగా కళ్లు మూసుకుని, నా చెయ్యి గోళ్లతో పట్టేసుకుని, పాపాలన్నీ ఒప్పేసుకుంది.”

“ఏం పాపాలు?”

“కారుకి గీత పెట్టింది నేనే అంది. నీ నల్ల షర్టు పోలేదు, పారేశానంది. ఆ తర్వాత...” అతడు తల్లి వైపు ఒకసారి చూసి ఆగిపోయాడు.

“చెప్పు నాన్నా!”

“మీ నానమ్మ చేసే బంగాళాదుంప సలాడ్ ఒక్కసారి కూడా తినలేదంది. ప్రతిసారీ వెనక్కెళ్లి కుక్కకి పెట్టేదంట.”

మా ఇళ్లలో బంగాళాదుంప సలాడ్ ఎవరు పడితే వాళ్లు చేయరు. దాన్ని చేసే అధికారం ఒకరికి దక్కడానికి ఏళ్లు పడుతుంది. అది పెద్దమ్మకు దక్కి ముప్పై ఏళ్లు.

“ఏమందీ?” అంది పెద్దమ్మ, రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని. “నా సలాడా? కుక్కకా? ఆ మహాతల్లి రెండోసారి కూడా వడ్డించమని అడిగేదే!”

“కుక్కకి ఆకలెక్కువ అమ్మా,” అన్నాడు క్లిఫ్టన్. అంటూనే అతనికి నవ్వు వచ్చింది, నవ్వులోనే కళ్లు నిండాయి. దేన్నీ దాచుకోలేదు.

కెజియా పడీపడీ నవ్వుతోంది. మా వెనక నిలబడ్డ పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఆ పిల్ల తండ్రి షర్టు వదలకుండానే పక్కకు జరిగి, రెండో చేత్తో దారి చూపించింది.

“మీరు వెళ్లండి అంకుల్, మాకు ఆలస్యమవుతుంది,” అని, తండ్రి వైపు తిరిగింది. “ఇంకేం ఒప్పుకుంది?”