తాత తాగిన ఆముదం

ఎనిమిదేళ్లకే పట్టపగలు దయ్యాన్ని గెలిచినవాణ్ణి నేను. మొన్న అక్క ఇంట్లో కాలిన ఆముదం వాసన రాగానే మనవళ్లకు ఆ కథ ఎత్తుకున్నాను.

బేతంచెర్లలో మా అవ్వ గదిలో, మట్టిగోడ గూట్లో, తాతల నాటి కంచు దీపం ఉండేది. పొద్దున నిండా పోసిన ఆముదం, వెలిగించకుండానే మధ్యాహ్నానికి సగమయ్యేది. "మీ తాత వచ్చి తాగిపోతాండాడు నాయనా," అనేది అవ్వ తృప్తిగా. తాత పోయి అప్పటికి ఏడాది. ఆ గది ముందు నేను పరుగెత్తే దాటేవాణ్ణి.

ఒకరోజు దీపం అడుగున సన్నటి బీట కనబడింది. తాత నోరు పెట్టేది అక్కడేననుకుని, కారే కుండలకు అమ్మ పూసినట్టే, బెల్లం సున్నం నూరి మెత్తాను. రెండు రోజులు నూనె చుక్క తగ్గలేదు. మూడోనాడు ఆ మెత్తు లేదు. బీట చుట్టూ గోటి గీతలు. గీకుతున్న మూరెడు నల్లటి గోళ్లను కళ్లారా చూసి, కట్టెతో తరిమాను.

సరే, గోళ్లు చూశాననడం కోతలే. గీతలు చూసి నేనే పారిపోయాను.

అక్క వత్తి సవరిస్తూ అంది: "ఆ గీతలు అవ్వవిరా. గీకతాంటే నేను చూసినా. తాత రాలేదని రెండు దినాలు కూడు ముట్టలేదు, ఆ పొద్దు తినింది. నువ్వు ఏడిపించింది దయ్యాన్ని కాదు."