ట్రెడ్‌మిల్ మీద పెళ్ళిచూపులు

ఆ రోజుల్లో గుండె అనేది లోపల ఒకటి ఉంటుందన్న ధ్యాసే నాకు ఉండేది కాదు. ఇరవై నాలుగేళ్ళ వయసు, యానాంలో కొత్తగా వచ్చిన గుమాస్తా ఉద్యోగం, సాయంత్రమైతే గోదావరి గట్టున స్నేహితులతో టీలు (ఎన్నని అడక్కండి). అలాంటిది ఒక వేసవిలో ఉన్నట్టుండి ఛాతీలో దడదడ మొదలైంది. ఫైలు ముందు కూర్చుంటే దడ, పడుకుంటే దడ. ఇంకొకరైతే నవ్వి ఊరుకునేవారేమో. మా నాన్న ఛాతీలో గ్యాసు పట్టిందనుకుని సోడా తాగి కూర్చున్న మనిషి, ఆ కుర్చీలోంచి మళ్ళీ లేవలేదు. అందుకని నాకు నవ్వు రాలేదు. అమ్మకు చెప్పడానికి నోరూ రాలేదు.

చివరికి మా అక్క భర్తకు చెప్పాను. బావది మెట్టకూరు, ఆటో నడుపుతాడు, ఏ రోగం గురించైనా తనకంటూ ఓ అభిప్రాయం ఉంటుంది. అంతా విని, "ఇలాటియ్యి నాన్చకూడదురా. రేపే కాకినాడ ఎల్లిపోదాం. అత్తయ్యగారితో నేను మాట్టాడతాను" అన్నాడు. మాట్లాడాడు కూడా. "కాకినాడలో ఓ పిల్లుందండి అత్తయ్యగారూ. ముందు మీవోడికి చూపించేత్తానండి. నచ్చితే అప్పుడు పెద్దోళ్ళం ఎల్దారండి." అమ్మ మురిసిపోయి, ఇస్త్రీ చేసున్న చొక్కాకి మళ్ళీ ఇస్త్రీ చేసింది.

బస్సులో బావ నాకు ధైర్యం చెప్పాడు. "ఈసీజీ అంటే ఒంటికి వైర్లు తగిలించి కరెంటు పెడతారంట. ఎందుకైనా మంచిది, చెప్పులేసుకునే పడుకో." ఆసుపత్రిలో డాక్టరుగారు అంతా విని పరీక్షలు రాశాక, నేను నిజంగానే చెప్పులతో మంచమెక్కాను. అక్కడున్న అమ్మాయి నవ్వాపుకుని, "కరెంటు మేం పెట్టం సార్. మీ గుండెలో ఉన్నదాన్నే మిషను గీసి చూపిస్తుంది. కదలకుండా పడుకోండి, చాలు" అంది. ఛాతీ మీద చల్లగా స్టిక్కర్లు అంటించి, చేతులకీ కాళ్ళకీ క్లిప్పులు పెట్టింది. నేను భయపడటం పూర్తయ్యేలోపే పరీక్ష పూర్తయింది.

తరువాత ఎకో. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఛాతీకి జెల్లీ రాసి, చిన్న పరికరంతో పక్కటెముకల మధ్య కాస్త గట్టిగానే నొక్కారు. తెర మీద నా గుండె తలుపులు తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపించాయి. డాక్టరుగారు శబ్దం పెంచారు. గోదావరిలో మరపడవ దూరంగా పోతున్నట్టు ఉంది. నాన్న తన గుండె చప్పుడు ఒక్కసారైనా ఇలా విన్నాడా అనిపించి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. (జెల్లీ చల్లగా ఉందండీ అన్నాను.)

అసలు తమాషా ట్రెడ్‌మిల్ దగ్గర జరిగింది. మళ్ళీ స్టిక్కర్లు, చేతికి బీపీ పట్టా. "ఛాతీ నొప్పి గానీ, కళ్ళు తిరగడం గానీ ఉంటే వెంటనే చెప్పండి, ఆపేస్తాం" అన్నారు. బెల్టు మొదట షికారులా మెల్లగా కదిలింది. కాసేపటికి వేగం పెరిగింది, ముందు వైపు పైకి లేచి ఎత్తు కూడా పెరిగింది. నేను రొప్పుతుంటే తలుపు అద్దంలోంచి చూస్తున్న బావ ఆగలేక లోపలికొచ్చేశాడు. "ఆపేయండి మేడమ్! ఒక్కగానొక్క బావమరిదండి! వాళ్ళమ్మకి ఏమని చెప్పనండి?"

"ఆయన బానే ఉన్నారండీ. ముందు మీరు కూర్చోండి" అందావిడ, బావ చెమటలు చూసి.

డాక్టరుగారు కాగితాలన్నీ చూసి, "గుండె బాగుంది. నాన్నగారి సంగతి చెప్పి మంచి పని చేశావు, అందుకే ఇవన్నీ చేయించాను. యాంజియోగ్రామ్ దాకా అక్కర్లేదు. టీలు తగ్గించు, వేళకు నిద్రపో" అన్నారు. మేమిద్దరం బయటికొచ్చి, ఆ సంతోషంలో చెరో టీ తాగాం.

ఇంటికి రాగానే, "పిల్ల ఎలా ఉందిరా?" అంది అమ్మ. "బానే ఉందమ్మా" అంటూ చొక్కా విప్పాను. పక్కటెముకల మీద ఒక స్టిక్కరు అలాగే ఉండిపోయింది. అమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది. బావ, "అదేంటంటేనండి, ఆసుపత్రిలో గుండెకి..." అని నోరు జారి నాలిక్కరుచుకున్నాడు. అమ్మ గుమ్మంలో కూలబడింది.

"రిపోర్టులో ఏమన్నార్రా?"

"బాగుందన్నారమ్మా. అంతా బాగుందంట."

"మీ నాన్న కూడా నీలాగ ఎవరికో ఒకరికి చెప్పుకుంటే బావుండేది" అంటూ అమ్మ లేచొచ్చి, ఆ స్టిక్కరును ఒక్క లాగు లాగింది. వెంట్రుకలతో సహా ఊడొచ్చింది. నేను పెట్టిన కేకకు అమ్మ నవ్వింది, నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అల్లుడుగారూ, ఈసారి పిల్లని చూడ్డానికెళ్తే నన్ను కూడా తీసుకెళ్ళండి బాబూ."

ఇప్పుడు నేనే ఏడాదికోసారి వెళ్ళి చూపించుకుంటున్నాను. మొన్నామధ్య ట్రెడ్‌మిల్ దగ్గర ఉన్న అమ్మాయి, "చాలా, అంకుల్? ఆపేయనా?" అంది. అంకులన్న మాట ఎక్కడో తగిలి, "అప్పుడేనా? ఇంకాసేపు నడుస్తానమ్మా" అన్నాను. ఆ పిల్ల తెర వైపు చూసింది, నా మోకాళ్ళ వైపు చూసింది, మెల్లగా వేగం తగ్గించేసింది. నేను గమనించనట్టే, ఛాతీ విరుచుకుని, ఎంతో దర్జాగా నడిచాను.