బసలింగమ్మ గుండెలో తీగ

నారాయణఖేడ్ బస్ డిపో దగ్గర రేకుల షెడ్డులో బసలింగమ్మ జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. ఆమె పిండిముద్దను అరచేత్తో తడుతున్న చప్పుడు వినబడితే చాలు, డ్రైవర్లు వచ్చి కూర్చుంటారు. భర్త అమృతప్ప మనూర్ దారిలో షేర్ ఆటో నడుపుతాడు.

నిరుడు ఆమె పొయ్యి ముందే కళ్లు తిరిగి పడిపోయింది. గుండె మరీ నిదానంగా కొట్టుకుంటోందని పట్నం దవాఖానలో ఎడమ భుజం కింద పేస్‌మేకర్ పెట్టారు. దాన్నుంచి సన్నటి తీగ నరం గుండా గుండెలోకి పోతుంది. కొన్నాళ్లు ఆ చేతికి పని చెప్పొద్దన్నారు. గడువు తీరకముందే ఆమె మళ్లీ రొట్టెల పీట ముందు కూర్చుంది.

ఈ ఎండాకాలం ఒకనాడు అమృతప్ప ఆటో తీయబోతూ చెప్పుల కోసం వెతికాడు. అవి భార్య కాళ్లకున్నాయి.

"నా చెప్పులేసుకున్నవేందే?"

"నావి బిగుతైనయ్."

వంగి చూశాడు. పాదాలు ఉబ్బిపోయి మెట్టెలు వేళ్లలోకి దిగి ఉన్నాయి. ఎన్నాళ్ల సంది అని అడిగితే ఆమె మాట దాటేసింది. ఇగ ఆటో అక్కడే వదిలేసి, ఇద్దరూ పట్నం బస్సెక్కారు.

జోగిపేట దాటాక ఆమె మెల్లగా నోరు విప్పింది. "వద్దన్నా ఇనకుండా రొట్టెలు తట్టిన గదా. గా తీగ కదిలిందేమో. చెప్తే తిడ్తవని చెప్పలే."

"తిట్టకుంట ఉంటనా? ముందుగాల నీకు నయం గానీ, అప్పుడు తిడ్త," అన్నాడాయన. పట్టుకున్న చెయ్యి మాత్రం బస్సు దిగేదాకా వదల్లేదు.

దవాఖానలో గుండెకు స్కానింగ్ చేసి డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. "గుండెల కుడిపక్క రెండు గదుల నడుమ తలుపులాంటి కవాటం ఉంటదమ్మా. తీగ దాంట్లకెల్లే పోవాలె. కొందరికి కవాటం రెక్క తీగకు అడ్డం తగిలి సరిగ్గ మూసుకోదు. రక్తం ఎనకకు కారుతది, దాన్నే లీకేజీ అంటరు. అందుకే కాళ్లకు నీరొచ్చింది."

"నేను రొట్టెలు తట్టినందుకేనా?"

"కాదు. తీగ పెట్టినకాడనే ఉంది. నీ తప్పేం లేదు."

లీకేజీ అన్నప్పుడు గట్టిగా కూర్చున్న మనిషి, ఆ మాటకు కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

నీరు దిగే మాత్రలు రాసిచ్చారు. ఉప్పు తగ్గించమన్నారు. లీకేజీ పెరిగితే తీగ సంగతి ఆలోచిద్దామని, అప్పటిదాకా మానకుండా చూపించుకోమని పంపారు.

వాపు తగ్గింది. లీకేజీ అట్లాగే ఉంది గానీ పెరగలేదు. ఆమెకు మామిడికాయ తొక్కు పచ్చడంటే ప్రాణం. ఉప్పెక్కువని అది వద్దన్నారు గనుక అమృతప్ప కూడా తొక్కు ముట్టడం మానేశాడు. మధ్యాహ్నం ఆటో పక్కకు పెట్టి, పీట ముందు తనే కూర్చుంటున్నాడు. ఆయన తట్టిన రొట్టె అంచులన్నీ పగుళ్లే.

"గిదేం రొట్టె వదినా?" అన్నాడు డ్రైవర్ నాగేశ్.

"మీ అన్న చేసిండు. నోరు మూసుకొని తిను," అంది బసలింగమ్మ. పెనం మీది రొట్టె తిప్పబోయి వేలు కాల్చుకున్న భర్తను చూసి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.