ఎవడో ఎక్కించిన గ్యాస్

మా బావ ఫ్రిజ్ మెకానిక్. ఎనభైల మొదట్లో నర్సీపట్నంలో ఆ పని తెలిసినవాళ్లం ఇద్దరమే, ఆయనా, ఆయన దగ్గర నేర్చుకున్న నేనూ. నేను అక్కాబావల ఇంట్లోనే ఉండేవాణ్ణి. ముప్పై ఏళ్లొచ్చినా పెళ్లి కాలేదు గానీ పనిమంతుణ్ణన్న పొగరు మాత్రం బోలెడుండేది.

ఫ్రిజ్‌ని చల్లబరిచే గ్యాస్ మాకు విశాఖపట్నం నుంచి రావాలి. దానికి వాసన లేదు, అంటుకోదు. అందుకే అది ఎక్కడ కారుతోందో పట్టడానికి మంటనే వాడేవాళ్లం. చిన్న దీపం, దానికో రబ్బరు గొట్టం. గొట్టం కొసని పైపుల వెంట జరుపుతూ పోతే, గ్యాస్ కారేచోట నీలం మంట ఆకుపచ్చగా మారుతుంది. బావ ఆ దీపం పట్టుకుంటే చూడ్డం నాకెంతో ఇష్టం.

ఓ వేసవిలో ఆ గ్యాస్ దొరకలేదు. ఇంట్లో శుభకార్యం పెట్టుకున్న ఓ ఆఫీసరుగారు ఫ్రిజ్ బాగుచెయ్యమని మా ప్రాణాలు తోడేస్తున్నారు. వంటగ్యాస్‌తోనూ చల్లబడుతుందట కదా అని బావతో అన్నాను.

"బుర్రుందేట్రా నీకు? అది అంటుకునే సరుకు. మళ్లీ ఆ మాటెత్తకు," అని కసిరాడు.

బావ ఎవరిదో పెళ్లికని ఏటికొప్పాక వెళ్లిన రోజు, ఆ ఫ్రిజ్‌లో నేను వంటగ్యాసే ఎక్కించేశాను. బ్రహ్మాండంగా చల్లబడింది. ఫ్రిజ్ వెనకాల ఒక్క ముక్క రాసిపెట్టినా సరిపోయేది. రాస్తే బావ చూస్తాడని రాయలేదు. ఊళ్లో ఉన్నది ఒకటే రకం గ్యాస్ గనక, లోపల ఏముందని అడిగే అలవాటు మాకు లేదు.

ఆఫీసరుగారికి బదిలీ అయింది. పోతూపోతూ ఫ్రిజ్‌ని బస్టాండు దగ్గర కూల్‌డ్రింకుల కొట్టావిడకి అమ్మేశారు. మరుసటేడు ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఓ ఉదయం ఆవిడ మా గుమ్మంలోకి వచ్చింది.

"ఆఫీసరుగారి ఫ్రిజ్ సల్లబడ్డం లేదు బాబూ. తలుపు తీస్తే ఏదో కంపు. ఎలకేదైనా సచ్చిందేటో."

బావ దీపం సంచి అందుకున్నాడు. నేను ఆ సంచి పట్టుకోబోయాను.

"నేనెల్తాను బావా."

"కొయ్యూరు ఆసుపత్రోళ్లు ఫ్రిజ్ బాగుకి నీకోసం సూస్తన్నారు కదా. బస్సు దాటిపోద్ది, బేగి ఎల్లు."

అక్క పక్కనే నిలబడి నాకు క్యారేజీ కడుతోంది. చెబితే అక్క ముందు, కొట్టావిడ ముందు తిడతాడు. ఆ సిగ్గొక్కటే నా నోరు నొక్కేసింది. "ముందు సబ్బునురగ రాసి సూడు బావా," అన్నాను. నురగ బుడగలొచ్చినచోట లీకని ఎవరికైనా తెలుసు.

"నాకే నేర్పుతున్నావేట్రా?" అని నవ్వాడు. నేను బస్సెక్కాను. ఆ నవ్వు ముఖం నాకిప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. చెప్పేయమని వెనకనుంచి ఎవరో తోస్తున్నట్టుంటుంది.

వంటగ్యాస్ గాలికంటే బరువు. రాత్రంతా మూసిన ఫ్రిజ్‌లో అడుగున పేరుకుంది. బావది ముక్కుపొడి అలవాటు, వాసనలు సరిగ్గా తెలిసేవి కావు. తలుపు తీసి, వెలిగించిన దీపంతో లోపలికి వంగాడట. ఒక్కసారిగా మంట ముఖానికి కొట్టింది. మనిషి బతికాడు. రెండు కళ్లూ పోయాయి. లోపలున్నది వంటగ్యాసని ఊరంతా తెలిసింది గానీ, ఆఫీసరుగారు పైఊరివాడెవడిచేతో ఎక్కించి ఉంటారనుకున్నారు.

కట్లు విప్పాక, అరుగు మీద ఒంటరిగా ఉన్నప్పుడు ఆయన కాళ్లు పట్టుకుని అంతా చెప్పేశాను. ఆయన ఊపిరి గట్టిగా వినిపించింది. కొడతాడనుకున్నాను. కొడితే బాగుణ్ణనిపించింది.

చివరికి, "మీ అక్కకి సెప్పకు. నువ్వీ ఇంట్లో కూడు తినాల," అన్నాడు.

ఆ తర్వాత పనంతా నా మీదే పడింది. ఏ ఇంటికి వెళ్లినా ముందు తలుపులు, కిటికీలు బార్లా తీయించేవాణ్ణి. వంగి నేల దగ్గర వాసన చూసేవాణ్ణి. సబ్బునురగే తప్ప దీపం మళ్లీ ముట్టలేదు. ఏ గ్యాస్ ఎక్కించానో ఫ్రిజ్ వెనకాల ఎర్రరంగుతో పెద్దక్షరాల్లో రాసేవాణ్ణి. పిరికి మేస్త్రి అని జనం ఆటపట్టించేవారు. అననీ, వాళ్లకేం తెలుసు.

కానీ భోజనాల వేళ తప్పించుకోలేకపోయేవాణ్ణి. అక్క మొదట బావకి ముద్ద కలిపి చేతిలో పెట్టేది. పెడుతూ రోజూ అదే మాట.

"ఏ ఎదవ ఎక్కించేడో గానీ, ఆడి సేతులు పడిపోనూ."

బావ ముద్ద నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయేవాడు. అక్క నావైపు తిరిగి నా కంచంలో నెయ్యి వేసేది.

"తిను తమ్ముడా. ఈ ఇల్లు నీ రెక్కల మీదే నడుస్తంది."

నేను ఆ చేత్తోనే కలుపుకుని తినేవాణ్ణి.