కవరు తీయని మొక్క

ఈ ఉదయం ఫోన్ తెరవగానే కనిపించిన ఫోటోలో శాలువా కప్పుకుని, చెంబుతో పొగడ మొక్కకి నీళ్ళు పోస్తూ పళ్ళికిలిస్తున్న ముసలావిడ నేనే. నిన్న మా ఊరి పచ్చదనం కమిటీ వాళ్ళు హైస్కూలు దారిలో పెట్టిన కార్యక్రమం అది, గ్రూపు నిండా చప్పట్ల బొమ్మలూ దణ్ణాల బొమ్మలూ. కళ్ళజోడు సవరించుకుని ఫోటో పెద్దది చేసి చూద్దును కదా, గోతిలో మొక్క మొదట్లో నల్లగా నిగనిగలాడుతూ ప్లాస్టిక్ కవరు! కవరు చింపకుండానే దింపేశారు. కడియం పక్కన, ఇంటికో నర్సరీ ఉన్న ఊళ్ళో, నడక రాకముందే పిల్లలు మట్టిలో చేతులు పెట్టే ఊళ్ళో, ఇలా మొక్క నాటామంటే ఎవరైనా నమ్ముతారా! ముప్ఫై ఏళ్ళు అదే బడిలో సైన్సు పాఠం చెప్పిన నేను, కెమెరా వైపు చూస్తూ దాని మీద నీళ్ళు పోశాను. ఎవరిని తిట్టాలన్నా ముందు నన్ను నేను తిట్టుకోవాలి.

నా ఈడు వాళ్ళకి ఆ దారి గుర్తుండే ఉంటుంది. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో బస్సు దిగిన దగ్గర నుంచి బడి దాకా కాలువ గట్టున మైలు పొడవునా ఒక్క చెట్టు లేదు. లారీల కొద్దీ మొక్కలెక్కించి దేశమంతటికీ నీడ పంపేవాళ్ళం, మా పిల్లలకి మాత్రం లేదు. ఒంటిపూట బళ్ళప్పుడు మిట్టమధ్యాహ్నం వదిలేస్తే చెప్పుల్లేని పిల్లలు గడ్డి మీదికీ రోడ్డు మీదికీ గెంతుకుంటూ పోయేవారు. నర్సరీల్లో ఆడకూలీలను పనికి తెచ్చే మేస్త్రమ్మ మనవరాలికి ఒకనాడు అరికాళ్ళు బొబ్బలెక్కాయి. ఆ పిల్ల మర్నాటి నుంచి బడి మానేసింది. నా క్లాసులో లెక్కల్లోనూ సైన్సులోనూ అదే ఫస్టు, నాకు అన్నం సహించలేదు.

అప్పుడు ఊరి ప్రెసిడెంటు మా పెదనాన్న, ఆయన మీద ఎలక్షన్లో నిలబడి ఓడిపోయినవాడు ఆయన సొంత బావమరిది, అంటే మా మావయ్య. ఇద్దరివీ పెద్ద నర్సరీలే, ఇద్దరికీ మాటల్లేవు. ఆ దారికి చెట్లు కావాలని హెడ్మాస్టరు గారు ఇద్దర్నీ బళ్ళో కూర్చోబెడితే, మధ్యలో నన్ను తంతి ఆఫీసును చేసి, ఆయనగారితో చెప్పమ్మా అని ఈయనంటే, ఈయనగారితో చెప్పమ్మా అని ఆయనంటూ గోడల్ని చూస్తూ మాట్లాడుకున్నారు. మొత్తానికి ఇద్దరూ పోటీలు పడి మేలైన కానుగ మొక్కలిచ్చారు, వానాకాలంలో నాటాం, సంక్రాంతి దాకా కళకళలాడాయి. వేసవిలో కాలువకి నీళ్ళు ఆపేశాక మాత్రం, ఆయన పోయిస్తాడులే అని ఈయన, ఈయన పోయిస్తాడులే అని ఆయన ఊరుకున్నారు. మొక్కలన్నీ పుల్లలైపోయాయి.

మళ్ళీ మీటింగు పెడితే, పిలవకపోయినా మేస్త్రమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. "మొక్కిచ్చినోడు గొప్పా అండీ, బతికించినోడు గొప్పా? ఎడం పక్కంతా పెసిరెంటుగారిది, కుడి పక్కంతా ఆరి బావమరిదిగారిది. ఎవరి పక్క ఎండిపోద్దో ఊరంతా సూత్తాది కదండీ," అంది. ఇద్దరి మీసాలూ కదిలాయి!

మళ్ళీ నాటారు, ఇక చూడాలి ఆ వైభోగం. కాలువ ఎండితే నర్సరీ బోర్ల నుంచి కావిళ్ళతో నీళ్ళు. పెదనాన్న కంచె కట్టిస్తే సాయంత్రానికల్లా మావయ్య వైపు దానికన్నా ఎత్తు కంచె లేచేది. కాఫీ హోటలు దగ్గర జనం, కుడి పక్క చిగుళ్ళు బాగున్నాయండోయ్ అని పెదనాన్నకి వినబడేట్టు అనేవారు, మా గోదావరి వాళ్ళ వెటకారం మీకు తెలియందేముంది. ఒక ఏడు గాలివానకి పెదనాన్న వైపు మొక్కలు నాలుగు ఒరిగిపోతే, తెల్లారేసరికి మావయ్య మనుషులు వాటిని లేపి వెదురుబొంగులు పాతి కట్టారు. ఇదేంటి మావయ్యా అనడిగితే, "పడిపోయినోడి మీద గెలిస్తే అదేం గెలుపే," అని కసురుకున్నాడు. ఆ తరువాత కూడా వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. కానీ నాలుగేళ్ళు తిరిగేసరికి కొమ్మలు కొమ్మలు కలిశాయి. నీడ పడిన ఏడే మేస్త్రమ్మ మనవరాలు తిరిగి బళ్ళోకొచ్చింది, తన కన్నా చిన్నపిల్లల పక్కన కూర్చుని మరీ చదువుకుంది.

మూడేళ్ళ కిందట రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ చెట్లన్నీ పోయాయి. ఒక్కో చెట్టుకీ రెండేసి నాటుతామని కమిటీ తీర్మానం చేసింది. పెదనాన్న కొడుకు, మా అన్నయ్య అధ్యక్షుడు, మావయ్య కొడుకు, మా బావ కార్యదర్శి. అన్ని పార్టీల వాళ్ళూ ఒకే సోఫాలో, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని కూర్చుంటారు. ఈ మూడేళ్ళలో నాటిన ప్రతి మొక్కా అదే గోతిలో నాటారు, ఎందుకంటే అక్కడైతే వెనకాల బడి బోర్డు ఫోటోలో పడుతుందట! అదీ వచ్చే అతిథికి తీరికైనప్పుడు, ఇలా మండుటెండల్లో.

ఫోటో చూశాక ఉండబట్టలేక, కవరైనా కోద్దామని కత్తి పట్టుకుని వెళ్ళాను. గొయ్యి ఉంది, మొక్క లేదు. అన్నయ్యకి ఫోన్ చేస్తే, "పక్కూళ్ళో ఇవాళ ప్రోగ్రాం ఉందే చెల్లాయ్, ఎత్తు మొక్క కదా, ఫోటోలో బాగా పడుద్దని పంపించాం. నీకు ఇంకోటి పంపిస్తాన్లే," అన్నాడు. కవరు ఎందుకు తీయలేదో అప్పుడర్థమైంది. ఒళ్ళు మండిపోయి, నీ గోతికి ఎదురుగా నేను కానుగ పెడుతున్నాను, నీ పక్క బతుకుతుందో నా పక్క బతుకుతుందో తేల్చుకుందాం రా అన్నాను. తిడతాడనుకున్నాను, తిట్టాలనే కోరుకున్నాను. వాడు నవ్వి, "బ్రహ్మాండమైన ఐడియా చెల్లాయ్, గ్రూపులో పెడతానుండు," అన్నాడు. క్షణంలో చప్పట్లు మొదలయ్యాయి, మొదటివి మా బావవే.

ఆ రోజుల్లో మా పెద్దలకి ఒకరంటే ఒకరికి పడేది కాదు, కానీ ఇద్దరికీ ఊరంటే జంకుండేది. ఇప్పుడందరికీ అందరితోనూ పడుతుంది, జంకే ఎవరికీ లేదు. పోట్లాడదామన్నా మనిషి దొరకడు.

పెరట్లో కానుగ మొక్క తీసుకెళ్ళి, కవరు చింపి, నాటాను. బిందె బరువుకి నడుం పట్టేసి అక్కడే గట్టున కూర్చుండిపోయాను. బడి వదిలారు. సంచీ నెత్తి మీద పెట్టుకుని పోతున్న ఒక ఆడపిల్ల ఆగి, "ఇది ఎప్పటికి నీడిస్తాదండీ?" అనడిగింది. ఏ క్లాసమ్మా అంటే ఆరు అంది. పదిలోకి వచ్చేసరికి ఇస్తుందిలే అన్నాను. ఆ పిల్ల తలూపి, ఎదురుగా ఉన్న గోతి వైపు చూసి, మరి అటు పక్క ఎవరు పెడతారండీ అని అడిగింది.