గాలి చూస్తుంది

ఆటోనగర్ షెడ్డులో ఏసీ చల్లగాలి పారే డక్టుల రేకులు వంచేది మగవాళ్లు, వాటికి నల్ల స్పాంజి షీటు చుట్టేది జోగమ్మ. చీర కుచ్చిళ్లు బొడ్డులో దోపి నిచ్చెనెక్కిందంటే, బంక అంటి నల్లబడ్డ ఆ వేళ్లు గోరంత రేకునైనా బయటికి కనపడనివ్వవు. చుట్టడం అయ్యాక, పసిబిడ్డకు జ్వరం చూసినట్టు డక్టు పొడవునా చెయ్యి ఆనించి చూస్తుంది. ఏ కాస్త రేకు బయటపడినా, సముద్రపు గాలిలోని తేమ ఆ చల్లదనానికి నీరై కారుతుందని ఆమెకు ఇరవై ఏళ్లుగా తెలుసు. మొన్న బీచ్ రోడ్డులో ఆమె డక్టులు చుట్టిన ఇంట్లో సీలింగ్‌కు తడిమరక పడింది. “నువ్వు చుట్టిందే కదా పిన్నీ!” అన్నాడు సూపర్‌వైజర్ మోహనకృష్ణ. “నాను సుట్టింది కారదు,” అంటూ జోగమ్మ పైకెక్కి, సీలింగ్ సందులో చెయ్యి దూర్చింది. దూలం వెనక కరెంటు వైరు లాగినవాళ్లు జానెడు షీటు కోసి అలాగే వదిలేశారు. “హమ్మయ్య! ఆ ముక్కకి టేపేసి దిగిపో. అక్కడెవరు చూస్తారు?” అన్నాడతను. ఆమె దిగలేదు. అటూ ఇటూ బారెడు షీటు ఊడదీసి, రేకు తుడిచి, కొత్తది చుట్టడం మొదలుపెట్టింది. “మనుసులెవులూ సూడరు బాబూ,” అంది చెయ్యి ఆపకుండా, “గాలి సూత్తాది.”